నాన్నతో కలిసి టియర్‌డ్రాప్ ట్రైలర్ కట్టొచ్చా?

ప్రశ్న: అన్నగారూ, మేము ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. మా నాన్నగారు కాకినాడ పక్కన తాళ్ళరేవులో పాతికేళ్ళు చెక్క పడవలు కట్టారు. ఫైబర్ బోట్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది, తర్వాత ఇళ్ళకి తలుపులూ కిటికీలూ చేశారు. ఈ ఏప్రిల్‌లో వచ్చి ఆరు నెలలు ఉంటారు. పోయినసారి వచ్చినప్పుడు పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోలేక విసిగిపోయారు. ఈసారి ఇద్దరం కలిసి మా గ్యారేజీలో చెక్కతో చిన్న టియర్‌డ్రాప్ క్యాంపర్ కట్టాలని నా ఆశ. బోల్టులతో బిగించుకునే 4x8 ట్రైలర్ కిట్టు మీద కడితే సరిపోతుందా? మామూలు ప్లైవుడ్ పనికొస్తుందా? మా కారు 1,500 పౌండ్ల వరకే లాగుతుందని మాన్యువల్‌లో ఉంది. మాకు ఆరేళ్ళ బాబు ఉన్నాడు. ఇంట్లో చేసిన ట్రైలర్ హైవే మీద ఎక్కడ ఊడిపోతుందోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్. మొదలుపెట్టమంటారా?

జవాబు: తమ్ముడూ, మొదలుపెట్టండి. నాన్నగారు దిగేలోపు ట్రైలర్ ఫ్రేమ్ తెచ్చి గ్యారేజీలో పెట్టెయ్యండి. పడవలు కట్టిన మనిషి పక్కన ఉన్నప్పుడు ఈ పనిలో సగం కష్టం తీరినట్టే. ఎందుకంటే టియర్‌డ్రాప్ అంటే బోర్లించిన పడవే. పడవలోకి నీళ్ళు కింది నుంచి వస్తాయి, దీనిలోకి పైనుంచి వస్తాయి. మిగతాదంతా ఒకటే పని: వంపు తిరిగిన చెక్క, అతుకులు, వాటిలోకి నీరు దిగకుండా కాపలా.

నేను మిషిగన్‌లో ఇలాంటివి రెండు కట్టాను. మొదటిది రెండు చలికాలాలకే పుచ్చిపోయింది. రెండోది ఇప్పటికీ ప్రతి వేసవిలో రోడ్డు మీదే ఉంటుంది. ఆ రెండిటికీ మధ్య నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

టియర్‌డ్రాప్ అన్న పేరు కొత్తగా వింటున్నవాళ్ళ కోసం రెండు మాటలు. లోపల పడుకోవడానికి పరుపు మాత్రమే పట్టే చిన్న పెట్టె, వెనక మూత పైకెత్తితే వంటగట్టు. పక్కనుంచి చూస్తే నీటిబొట్టు ఆకారం: ముందు గుండ్రంగా, వెనక్కి వాలుగా. లోపల కూర్చోవచ్చు, నిలబడలేం. 1930లలో అమెరికాలో సరదాగా చెక్కపని చేసుకునేవాళ్ళు వీటిని కట్టడం మొదలుపెట్టారు. హాబీ పత్రికలు ప్లాన్లు అచ్చేసేవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బాగా ఊపందుకుని, 1960లలో పెద్ద ట్రైలర్లు వచ్చేసరికి మరుగున పడ్డాయి. ఇంటర్నెట్ వచ్చాక మళ్ళీ ప్రాణం పోసుకున్నాయి. 4x8 కొలత ఎందుకు స్థిరపడిందో నాన్నగారికి విడమరిచి చెప్పక్కర్లేదు, ప్లైవుడ్ షీటు కొలతే అది.

కానీ మీకు 4x8 వద్దు. నాలుగడుగులంటే 48 అంగుళాలు. ఇద్దరు పెద్దవాళ్ళు పడుకుంటే భుజాలు రాసుకుంటాయి, ఇక బాబు ఎక్కడ? వెల్డింగ్ చేసిన 5x8 ఫ్రేమ్ తీసుకోండి. పక్క గోడలు రెండూ ఎలాగూ ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తే కాబట్టి ఒక్కో షీటులోంచే వస్తాయి, వాటికి అతుకు పడదు. వెడల్పు 60 అంగుళాలవుతుంది. ఆరేళ్ళ పిల్లాడు అడ్డంగా హాయిగా పడుకుంటాడు. పెద్దవాళ్ళ కాళ్ళవైపు, వాళ్ళ పాదాలకు పైన, మడిచి పెట్టుకునే చిన్న బల్ల ఒకటి బాబుకి బిగించండి. బల్లకి అంచు పెట్టండి, నిద్రలో దొర్లుతాడు. ఇంకోమాట, బండి కదులుతున్నప్పుడు ట్రైలర్‌లో ఎవరూ ఉండకూడదు. బాబు ఎంత మారాం చేసినా సరే.

ఇక బరువు. ఫ్రేమ్ 300 పౌండ్లు, చెక్కంతా కలిపి 400, పరుపు, తలుపులు, అలమరాలు 150 అనుకోండి. ఐదు గాలన్ల నీళ్ళే 42 పౌండ్లు. కూలర్, పొయ్యి, బ్యాటరీ, బట్టలు చేరితే మొత్తం 1,100 దగ్గర తేలుతుంది. మీ కారుకి చాలు. అయితే ముప్పావంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కటే 60 నుంచి 75 పౌండ్లు తూగుతుంది. గట్టిగా ఉండాలని అన్నిటికీ అదే వాడారంటే లెక్క తప్పుతుంది. గోడలకి, నేలకి అర అంగుళం చాలు, అలమరాలకి పావంగుళం, కప్పుకి అంగుళంలో ఎనిమిదో వంతు. నాన్నగారు దీనికి ఒప్పుకోకపోవచ్చు. అలల దెబ్బకి ఆగే పడవలు కట్టిన చేతులకి ఈ పలచన నచ్చదు. ప్రతి షీటూ తూచి, ఆ అంకె గ్యారేజీ గోడ మీద సుద్దముక్కతో రాయండి. ఆయనే తగ్గిస్తారు.

చెల్లెమ్మ భయపడుతున్నట్టు చెక్క ఊడిపోవడం అరుదు. జిగురు, స్క్రూలు సరిగ్గా పడితే గోడలు ఎక్కడికీ పోవు. భయపడాల్సింది ట్రైలర్ తోక ఊపడానికి. వెనక వంటగట్టులో నీళ్ళు, కూలర్, ఇనప పెనాలు అన్నీ సర్దేస్తాం. అప్పుడు ముందు కొక్కెం మీద భారం తగ్గిపోతుంది. గంటకి 60 మైళ్ళ వేగంలో పక్కనుంచి ట్రక్కు దాటితే చాలు, ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఆ ఊపు కారుని కూడా లాగేస్తుంది. అందుకే కారు కొక్కెం మీద పడే బరువు, దీన్ని టంగ్ వెయిట్ అంటారు, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మీ 1,100 పౌండ్లకి అది 110 నుంచి 165. 1,500 పౌండ్లు లాగే చాలా కార్లలో టంగ్ వెయిట్ 150కి మించకూడదని రాసి ఉంటుంది, మీ మాన్యువల్‌లో చూడండి. అంటే 110కి, 150కి మధ్య నిలబెట్టాలి. కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్ది, చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, ట్రైలర్ ముందు కొస సమంగా ఉండేంత ఎత్తున మిషన్ మీద ఆనించి చూడండి. తక్కువ వస్తే బ్యాటరీని ముందు పెట్టెలోకి మార్చండి. యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, ముందే బిగించేసిన ఫ్రేమ్ కొంటున్నట్టయితే, అది నడిమధ్యకంటే కాస్త వెనక్కి ఉన్నది చూసి తీసుకోండి. ఎప్పుడైనా ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, వేగం తగ్గుతుంటే అదే సర్దుకుంటుంది. ఈ సంగతి చెల్లెమ్మకి కూడా చెప్పి, మొదటిసారి ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఇద్దరూ నడిపి చూడండి. కొక్కెం కింద సేఫ్టీ గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వెళ్ళాలి. కారు వెనక ఉండే గుండ్రటి బాల్ కొలత, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్లర్ కొలత ఒకటేనా చూసుకోండి. రెండంగుళాల కప్లర్‌ని అంతకంటే చిన్న బాల్ మీద పెడితే కూర్చున్నట్టే కనిపిస్తుంది, గుంటలో పడగానే లేచిపోతుంది. చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ళ వేగానికే తయారైనవి. దాన్ని దాటొద్దు.

ఇప్పుడు అసలు విషయం. నా మొదటి ట్రైలర్ 2016లో కట్టాను. ఎంతో ముచ్చటపడి వార్నిష్ పూశాను, మెరిసిపోయేది. 2018 మార్చిలో మంచు కరిగాక పరుపు ఎత్తితే పుట్టగొడుగుల వాసన కొట్టింది. గోడ అడుగున స్క్రూడ్రైవర్ మొన ఆనించాను. గుచ్చలేదు, ఆనించానంతే. టీలో నానిన రస్కులోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. కింద చక్రాల నుంచి చిమ్మిన నీళ్ళే కారణమనుకుని, ఆ దారి కోసం రెండు రోజులు వెతికాను. కారణం కింద లేదు. కప్పు అంచున అల్యూమినియం ట్రిమ్ (అంచుపట్టీ) బిగించిన ఒకే ఒక్క స్క్రూ బెజ్జంలో ఉంది. అక్కడ సిలికాన్ పెట్టాను, అది ఎండకి, చలికి విడిపోయింది. నీళ్ళు ఆ బెజ్జంలోంచి ప్లైవుడ్ పొరల్లోకి దిగి, గోడ లోపలే జారుకుంటూ అడుగుకి చేరాయి. లోపలి సీలింగ్ అతికించేశాను కాబట్టి రెండేళ్ళూ నాకేం కనిపించలేదు.

మీ నాన్నగారి అలవాటుకి అడ్డం వచ్చేది కూడా ఇక్కడే. పలకల పడవ నీళ్ళలో వేస్తే పలకలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఎండబెట్టిన పడవ మొదట కారుతుంది, నానితే ఆగుతుంది. దూది దట్టించి గుగ్గిలం పూసేది ఆ ఉబ్బుని లెక్కలో పెట్టుకునే. ప్లైవుడ్‌కి ఉబ్బడమంటే చావే. ఒకసారి ఉబ్బితే పొరలు విడిపోతాయి, మళ్ళీ ఆరినా అతుక్కోవు. కాబట్టి ఇక్కడ చెక్కని నీరు అసలు తాకకూడదు. దీని మీద ఆయనతో మొదటి రోజే కూర్చుని మాట్లాడండి. ఒక్కసారి అర్థమైతే మీకంటే జాగ్రత్తగా ఆయనే చూస్తారు.

ప్లైవుడ్ సంగతి. మన దగ్గర మెరైన్ ప్లైకి ఐఎస్ 710 ముద్ర ఉంటుంది, నాన్నగారు షాపులో ముందు దానికోసమే చూస్తారు. ఇక్కడ ఆ ముద్ర దొరకదు. ఎక్స్‌టీరియర్ అని ముద్ర ఉన్నది తీసుకోండి. ఎక్స్‌పోజర్ 1 అని ఉంటే, ఇల్లు కడుతున్నన్నాళ్ళు తడిసినా ఆగుతుందని మాత్రమే అర్థం, శాశ్వతంగా బయట ఉంచడానికి కాదు. కప్పుకి బాల్టిక్ బర్చ్ బాగుంటుంది. అది ఐదడుగుల చదరపు షీట్లలో వస్తుంది, మీ వెడల్పుకి సరిగ్గా సరిపోతుంది, అతుకులు అడ్డపట్టీల మీద పడేలా చూసుకుంటే చాలు. కానీ బర్చ్ చెక్కకి పుచ్చు తట్టుకునే గుణం లేదు, పూత లేకుండా ఒక్క అంగుళం కూడా వదలొద్దు. ఏ ప్లై మీద అనుమానం వచ్చినా, రెండంగుళాల ముక్క కోసి పాత గిన్నెలో గంటసేపు ఉడికించండి. ఎండబెట్టి మళ్ళీ ఉడికించండి. పొరలు విడిపోకపోతే జిగురు మంచిదే. వంటింట్లో ఆ వాసనకి చెల్లెమ్మ ఒప్పుకోకపోతే గ్యారేజీలో క్యాంపింగ్ పొయ్యి పెట్టుకోండి, షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచండి.

పూతకి నేను ఎపాక్సీనే చెబుతాను, రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే పూత అది. షీటు ముఖం కంటే అంచు ఎక్కువ తాగుతుంది, అందుకని అంచులకి రెండు మూడు పూతలు, ఇక పీల్చనని మొరాయించేదాకా పూయండి. నేల అడుగు భాగాన్ని ఫ్రేమ్ మీద పెట్టకముందే పూసి, పెయింట్ కూడా వేసెయ్యండి, తర్వాత అక్కడికి చెయ్యి పోదు. స్క్రూ పడే ప్రతి చోటా మొదట పెద్ద బెజ్జం వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీలోనే మళ్ళీ చిన్న బెజ్జం వేయండి. అప్పుడు స్క్రూ పక్కనుంచి నీరు దిగినా చెక్క దొరకదు. విసుగు పని, మొత్తం మీద రెండు మూడు వందల బెజ్జాలు ఉంటాయి. నా రెండో ట్రైలర్ బతికింది ఆ బెజ్జాల వల్లే. ట్రిమ్ కింద, తలుపు చట్రం కింద, ఫ్యాన్ అంచు కింద బ్యూటైల్ టేప్ అనే రబ్బరు లాంటి అంటుపట్టీ వాడండి. అది ఏళ్ళ తరబడి మెత్తగా సాగుతూ ఉంటుంది. సిలికాన్ జోలికి పోవద్దు. ఒకసారి అది పట్టిన చోట పెయింట్ నిలవదు, మరమ్మతుకి వేరే జిగురూ అంటుకోదు. ఎపాక్సీ ఎండకి తట్టుకోదు కాబట్టి పైన పెయింట్ గానీ, యూవీ తట్టుకునే వార్నిష్ గానీ తప్పనిసరి.

నాన్నగారు ఊళ్ళో ఫైబర్ బోట్ల పని దగ్గరగా చూసి ఉంటారు. అక్కడ వాడేది పాలిస్టర్ రెజిన్. త్వరగా గట్టిపడాలంటే నాలుగు చుక్కలు హార్డెనర్ ఎక్కువ వేస్తారు. ఎపాక్సీతో ఆ పని చేయనివ్వొద్దు. డబ్బా మీద రెండుకి ఒకటి అని ఉంటే అంతే, డబ్బా మీద చెప్పినట్టే కొలిచి కలపాలి. ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. కలిపింది డబ్బాలో ముద్దగా వదిలేస్తే వేడెక్కి పొగలు కక్కుతుంది, వెంటనే పళ్ళెంలో పరిచెయ్యండి. చేతులకి నైట్రైల్ గ్లౌజులు ఉండాల్సిందే. చాలామంది పాతతరం పనివాళ్ళు గ్లౌజులు వేసుకుంటే పట్టు తప్పుతుందంటారు. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఇక జీవితంలో మళ్ళీ ముట్టుకోలేరు, దద్దుర్లు వస్తాయి. ఈ ఒక్కదాంట్లో మొహమాటం లేకుండా పట్టుబట్టండి. అలాగే లిన్సీడ్ ఆయిల్ లాంటివి తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

కప్పుకి అల్యూమినియం రేకు వేస్తారా, ఫైబర్‌గ్లాస్ బట్ట వేస్తారా అన్నది మీ ఇష్టం. రేకు వేస్తే మాత్రం నాలుగు వైపులా జిగురుతో బిగించెయ్యకండి. పదడుగుల రేకు ఒహాయో జనవరికి, జులై ఎండకి మధ్య మూడు మిల్లీమీటర్ల పైన సాగుతుంది, అది కదలడానికి చోటుండాలి. నాన్నగారి చేతి పనైతే ఫైబర్‌గ్లాస్ వైపే మొగ్గుతాను.

వంపు గీయడానికి కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. గోడ షీటుని నేల మీద పరిచి, మీకు కావలసిన చోట్ల మేకులు దిగ్గొట్టి, వాటికి ఆనించి సన్నటి బద్ద వంచండి. బద్ద ఎలా వంగితే అదే మీ గీత. పడవల వాళ్ళు తరతరాలుగా చేసేది ఇదే, నాన్నగారు రెండడుగులు వెనక్కి నిలబడి ఒక కన్ను మూసి చూసి ఎక్కడ దెబ్బ పడిందో చెప్పేస్తారు. కొయ్యకముందు ఆ ఆకారాన్నే అట్టపెట్టెలతో నిలబెట్టి, ముగ్గురూ లోపల పడుకుని లేచి చూడండి. తలుపు ఎక్కడ కావాలో అప్పుడే తెలుస్తుంది. తర్వాత రెండు షీట్లూ కలిపి బిగించి ఒకేసారి కొయ్యండి, లేకపోతే కప్పు వంకర పోతుంది.

వెనక మూత దగ్గర మాత్రం తొందరపడొద్దు. వంచిన చెక్క అచ్చులోంచి తీయగానే కొంచెం తిరిగి విచ్చుకుంటుంది. పలచటి ప్లైలు రెండు మూడు జిగురు పెట్టి అచ్చు మీద కలిపి వంచితే తక్కువ విచ్చుకుంటుంది, అయినా అచ్చుని కావలసినదానికంటే కాస్త ఎక్కువ వంపుతో చేసుకోండి. మూత కీలుకి, పూర్తి వెడల్పున నడిచే అల్యూమినియం హరికేన్ హింజ్ అని దొరుకుతుంది, నీరు లోపలికి రాకుండా దాని నిర్మాణంలోనే ఏర్పాటు ఉంటుంది. డబ్బులు ఎక్కడైనా మిగుల్చుకోండి గానీ అక్కడ కాదు.

రాత్రి ఊపిరితో, చెమటతో ఇద్దరు మనుషులు దాదాపు అర లీటరు నీటిని గాల్లోకి వదులుతారు. అంత చిన్న పెట్టెలో అదంతా కప్పుకి పట్టి పొద్దున్నే మీ మొహం మీద పడుతుంది. 14 అంగుళాల రూఫ్ ఫ్యాన్ పెట్టి, ఎదురుగా చిన్న కిటికీ తెరిచి ఉంచండి. లోపల ఎప్పుడూ పొయ్యి గానీ గ్యాస్ హీటర్ గానీ వెలిగించొద్దు, వానొచ్చినా, చలేసినా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం ఒకటి మంచం తలవైపు బిగించండి. లిథియం బ్యాటరీ అయితే సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకూడదు, చలికాలం ఇంట్లోకి తెచ్చుకోండి.

లైట్ల వైరింగ్ సులువే: తెలుపు గ్రౌండ్, గోధుమరంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ సిగ్నల్, ఆకుపచ్చ కుడి. తెలుపు వైరు శుభ్రమైన లోహానికి తగలకపోతే లైట్లు పిచ్చిగా మెరుస్తాయి, తొంభై పాళ్ళు తప్పు అక్కడే. రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, ఫ్రేమ్ కొనేముందే మీ రాష్ట్రం మోటార్ వాహనాల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఫ్రేమ్ కంపెనీ ఇచ్చే ఒరిజిన్ సర్టిఫికెట్, రసీదులు, పని జరుగుతుండగా తీసిన ఫొటోలు ఒక ఫైల్లో పెట్టండి.

పని వరుస గురించి ఒకే ఒక్క పట్టుదల నాది. చాలామంది లోపలి సీలింగ్ ముందు వేసి పైకప్పు తర్వాత వేస్తారు, అది సులువు. మీరు పైకప్పు ముందు వేయండి. సీలింగ్‌ని ఆఖరుకి ఉంచి, జిగురు పెట్టకుండా స్క్రూలతో బిగించండి, ఎప్పుడు కావాలన్నా విప్పి చూసుకునేలా. మెడ నొప్పి పుడుతుంది, నిజమే.

సీలింగ్ వేయకముందు, సెప్టెంబరులో ఒక ఆదివారం, ట్రైలర్‌ని డ్రైవ్‌వేలోకి తోసి గార్డెన్ హోస్ తెరవండి. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి, ఒక్కో అతుకు దగ్గర ఐదు నిమిషాలు. బాబుకి హోస్ ఇవ్వండి, వాడికి అంతకంటే సంబరం ఉండదు. నాన్నగారిని టార్చి, సుద్దముక్క ఇచ్చి లోపల కూర్చోబెట్టండి. ఎక్కడ చెమ్మ కనిపించినా గీత గీసి, గోడ మీద కొట్టి చెప్పమనండి.